ఆరో ట్రాక్

ఊర్మిళ బల్ల కింద దూరి, స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పట్టుకుని, కంప్యూటరు డబ్బా లోపల చేయి పెట్టి వైర్లు తడుముతోంది. మిల్లు పెత్తనం చూసే హస్ముఖ్‌భాయి చెప్పులు వచ్చి ఆమె మొహానికి జానెడు దూరంలో ఆగాయి.

"చాలూ థయూ?" అన్నాడు గుజరాతీలో. మొదలైందా అని.

ఇంకా లేదని ఆమె హిందీలో చెప్పింది. సీడీ తిరుగుతోంది, తెర మీద సెకన్లు నడుస్తున్నాయి, శబ్దం మాత్రం రావడం లేదు.

"ఆదివారం క్యాంపు. నీ వల్ల కాకపోతే చెప్పు, బయటి మనిషిని పిలుస్తా."

"అయితది సేఠ్," అంది కింద నుంచే. చెప్పులు కాసేపు అక్కడే ఉండి వెళ్ళిపోయాయి.

ఖటోదరాలో నేత మిల్లు వాళ్ళు పనివాళ్ళ కోసం నడిపే దవాఖాన అది. ఒక గోడ అవతల బట్ట నేసే సాంచాలు ఆడుతుంటాయి. గోడకు చేయి ఆనిస్తే జ్వరం వచ్చిన వాడి ఒళ్ళులా వణుకుతూ ఉంటుంది. ఊర్మిళ పని చీటీలు రాయడం, వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటర్లో ఎక్కించడం. ఆ కంప్యూటరు నాగభూషణం గారు ఇప్పించినది. ఆయన హజీరాలో ఇంజనీరు, ఇచ్ఛాపూర్‌లో కాపురం. కంపెనీ పక్కన పడేసిన మిషన్ను బాగు చేసి, డబ్బు పెట్టి కొననక్కర్లేదని అందులో లైనక్స్ వేసి, రెండు నెలలు ఆదివారాలు వచ్చి కూర్చుని ఆమెకు పని నేర్పాడు.

ఇప్పుడు వచ్చిన సీడీ వేరే రకం. సర్కారు చెవి డాక్టరు మీనాబెన్ పంపింది. అందులో ఏడు ట్రాకులు. ఒక్కో ట్రాకులో మూడుసార్లు కూత. మొదటిది బొంగురుగా ఉంటుంది, పోను పోను సన్నబడుతుంది. కార్మికుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూత వినబడినప్పుడల్లా వేలెత్తాలి. ఎక్కడ వేలెత్తడం ఆపాడో అక్కడికి అతని చెవి ఆగిపోయినట్టు. మిల్లులో పనివాళ్ళందరికీ ఈ పరీక్ష చెయ్యాలని లేబరు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. దానికి కారణం బిక్షపతి చెయ్యి.

మొదట ఊర్మిళ అన్ని సీడీల్లాగే దీన్నీ, లోపలి ఫైళ్ళు కనబడేలా, మౌంట్ చేసింది. రకం తప్పని మిషను తిప్పికొట్టింది. సీడీ చెడిపోయిందనుకుని హజీరాకు ఫోను చేసింది.

"పాటల సీడీని మౌంట్ చెయ్యరమ్మా," అన్నాడు నాగభూషణం. "దాన్లో ఫైళ్ళుండవు. వాయించమని నేరుగా డ్రైవుకే చెప్పాలి. ప్లేయర్ ఉంది చూడు."

ప్లేయర్ తెరిస్తే పర్మిషన్ లేదంది. అన్ని హక్కులూ ఉన్న రూట్‌గా వెళ్తే మాత్రం తిరిగింది. మళ్ళీ ఫోను.

"రూట్‌గా రోజూ పని చెయ్యకూడదు, ఎన్నిసార్లు చెప్పాను? డ్రైవు ఫైలుకు నీ పేరున చదివే హక్కు ఇచ్చుకో. ఎందుకమ్మా అంత అరుస్తావు, నాకు బాగానే వినబడుతోంది."

హక్కు ఇచ్చుకుంది. సెకన్లు నడిచాయి. స్పీకర్లు మాత్రం పలకలేదు. శబ్దం హెచ్చించే, తగ్గించే మిక్సర్ తెరిచి చూస్తే సీడీ గీత అడుగున ఉంది. పైకి జరిపినా అదే మౌనం. అప్పుడు ఆమెకు తనంతట తానే ఒక ఆలోచన వచ్చింది. డ్రైవు ముందు వైపు చిన్న రంధ్రం ఉంది, అందులో హెడ్‌ఫోను పిన్ను గుచ్చింది. బొంగురుగా మూడు కూతలు చెవిలో పడ్డాయి. అంటే డ్రైవు మంచిదే. డ్రైవు నుంచి సౌండు కార్డుకు వెళ్ళే దారిలోనే ఏదో తెగింది.

ఇప్పుడు బల్ల కింద ఆమె వెతుకుతున్నది ఆ దారినే. సన్నటి వైరు ఒకటి డ్రైవు వెనక నుంచి వచ్చి, దుమ్ము పట్టి, గాలిలో వేలాడుతూ వేళ్ళకు తగిలింది. ఎవరు ఎప్పుడు తుడుస్తూ లాగేశారో. కార్డు మీద దాని చోటు వెతికి, బొటనవేలితో నొక్కింది. టిక్కుమంది. బయటికి వచ్చి, చున్నీతో మొహం తుడుచుకుని, ఎంటర్ నొక్కింది.

స్పీకర్లు పలికాయి. రెండో ట్రాకు, మూడోది, నాలుగోది, ఐదోది. ఒక్కోటీ ముందుదానికంటే సన్నగా. మందుల గదిలోంచి కంపౌండరు తొంగిచూసి బొటనవేలెత్తి పోయాడు. ఊర్మిళ కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకుంది.

ఆరో ట్రాకు దగ్గర సెకన్లు నడిచాయి గానీ ఏమీ రాలేదు. ఏడోదీ అంతే.

డిండోలిలో వాళ్ళ గదికి ఆమె చేరేసరికి తండ్రి నర్సింగం పగటి పాళీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని టీవీ ముందు కూర్చున్నాడు. ఆ వరస ఇళ్ళన్నీ సాంచాల మీద బతికేవాళ్ళవే. కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. అన్ని ఇళ్ళలోనూ టీవీలు గొంతెత్తి మోగుతుంటాయి. మనుషులు మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు తగాదా అనుకుంటారు.

బిక్షపతి గడప మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేయి మణికట్టు దాకా తెల్లకట్టు. దాన్ని ఎడమచేత్తో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మిషిన్ నడిచిందా బిడ్డా?"

"నడిచింది చిన్నాయనా. ఐదు ఒస్తున్నయి. ఇంక రెండు ఒస్తలేవు. ఒస్తయి తియ్యి, రేపు జూస్త."

"ఆ రెండు గూడ రావాలె బిడ్డా."

చెయ్యి నలిగిన ఆరోజు, పోగులు చుట్టే బీము తోడే మిషన్లో పోగు తెగితే, ఆపి, కిందికి వంగి ముడి వేస్తున్నాడు. మిషన్లు చూసే జాబర్ ఈల వేసి, వాళ్ళ మాటలో సీటీ కొట్టి, మిషను తిప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పక్కకు జరిగారు. బిక్షపతి జరగలేదు. సీటీ విని కూడా నిర్లక్ష్యం చేశాడని, తప్పు అతనిదేనని మిల్లు రాసింది. అతని చెవులు మంచివో కావో తేలేదాకా ఆ రాతను పక్కన పెట్టమని లేబరు ఆఫీసరు అన్నాడు.

"సీటీ కొట్టిండట. అందరు ఇన్నరట. నేను ఇనలే," అన్నాడు బిక్షపతి. ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పాడో, ఆ మాటలు అరిగిన మెట్ల మీద నడిచినట్టు నడిచాయి. "ఇన్నంక చెయ్యి పెడుతడా బిడ్డా ఎవడన్న?"

నర్సింగం టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు. "ఏయ్, నాకు మాత్రం అన్ని ఇనవడుతున్నయని రాయి. చెవుడని రాస్తే సేఠ్ రేపే ఇంట్ల కూసుండవెడుతడు."

"ఏం ఇనవడుతయి నీకు," అంది వంట దగ్గర నుంచి తల్లి. "పది సార్లు పిలిస్తె ఒక్కసారి పలుకుతవు."

"నువ్వు మెల్లగ పిలుస్తవు."

"అవ్, నేను మెల్లగ పిలుస్త. వాడకట్టంత పలుకుతది, నువ్వొక్కనివే పలుకవు."

బిక్షపతి నవ్వబోయి చేయి కదిలి మొహం చిట్లించాడు. ఊర్మిళ అతనికి చాయ్ గ్లాసు ఎడమచేతికి అందించింది. ఆ చేతికి ఇంకా అలవాటు కాలేదు. గ్లాసు వణికి, చాయ్ కట్టు మీద పడింది.  తల్లి తడిగుడ్డ తెచ్చి అద్దింది.

మర్నాడు ఆమె దవాఖాన తలుపు తీస్తూనే పని మొదలుపెట్టింది. ఒకసారికి ఒక్కటే మార్చు, రెండు మార్చావంటే ఏది కారణమో తెలియదు అని నాగభూషణం నేర్పాడు. ఆమె అలాగే చేసింది. సీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచింది. మార్పు లేదు. మిక్సర్‌లో గీతను పూర్తిగా పైకి లాగింది. ఎక్కడో దూరంగా గాలి వీచినట్టు ఏదో అనిపించింది. పంకా ఆపి చూస్తే అదీ పోయింది. స్పీకర్లు తీసి హెడ్‌ఫోన్లు పెట్టింది. ఆ హెడ్‌ఫోన్లు తీసి, వీధి మొదట్లో క్యాసెట్ల దుకాణం వాడిని బతిమాలి తెచ్చిన వేరేవి పెట్టింది.  ఐదో ట్రాకు దాకా బాగానే ఉంది. ఆరు దగ్గర నీళ్ళలో మునిగినట్టు అంతా ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆమె ఆరో ట్రాకును సీడీ మీది నుంచి ఫైలుగా తీసింది. ఫైలు లోపలి అంకెలను తెర మీద పరిచింది. చప్పుడు లేని చోట అన్నీ సున్నాలుంటాయి. సున్నాలు వరసగా కిందికి జారాయి, జారి జారి, ఒక్కసారిగా అంకెలు చీమలపుట్ట కదిలినట్టు మారిపోయాయి. మళ్ళీ సున్నాలు. మళ్ళీ చీమలు. మూడుసార్లు. అంటే కూతలు సీడీలో ఉన్నాయి. బయటికి వచ్చే దారిలోనే చచ్చిపోతున్నాయి.

ఫోను చేసి ఇదంతా చెప్పింది. ఆమె అంత లోతుకు వెళ్ళినందుకు నాగభూషణం సంతోషపడ్డాడు. "కార్డు పాతది. పై స్థాయికి వచ్చేసరికి ఎగ్గొడుతోందేమో. శనివారం డ్యూటీ దిగి వస్తాను. శబ్దం కొలిచే మీటరు కూడా తెస్తాను, ఎలాగూ లెవలు కట్టాలి. ఆరోది వదిలెయ్యకమ్మా. ఈల వినబడే స్థాయి అదే. ఈ పరీక్షకు ప్రాణం ఆ ట్రాకే."

హస్ముఖ్‌భాయి ఆ సాయంత్రం తనే వచ్చాడు. చివరి రెండూ పలకడం లేదని విని ఆమె అనుకున్నట్టు విసుక్కోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి సోంపు తీసి ఆమె చేతిలో కూడా కాస్త వేశాడు.

"ఐదు వస్తున్నాయిగా. ఐదు చాలు. మనిషి మాట వినబడితే చాలదా? చివరి రెండూ మిషన్లో ఖరాబని రాద్దాం. నువ్వు వారమంతా చూశావు, నేనూ చూశాను. అందరూ పాసవుతారు, అందరూ పనిలో ఉంటారు. ఎవరికి నష్టం?" లేచి వెళ్తూ ఆగాడు. "నిన్ను పర్మనెంట్ చెయ్యమని ఆఫీసుకు రాస్తున్నా. మంచి పిల్లవు."

సోంపు ఆమె అరచేతిలోనే ఉండిపోయింది. ఎవరికీ నష్టం లేదన్న మాట ఒక క్షణం నిజమే అనిపించింది. నాయిన పాసవుతాడు. ఆ తర్వాత, ఒళ్ళో పెట్టుకున్న తెల్లకట్టు గుర్తొచ్చింది.

శనివారం నాగభూషణం స్కూటరు మీద వచ్చాడు. హజీరా రోడ్డు దుమ్ము కనుబొమల మీద తెల్లగా పేరుకుని ఉంది. మొహం కడుక్కుని, మీటరును సంచిలోంచి తీశాడు. సూది ఉన్న మీటరు. హెడ్‌ఫోను ఒక చెవి గిన్నెను దాని నోటికి ఆనించి గుడ్డతో చుట్టాడు. ఒకే పిన్నుకు రెండు హెడ్‌ఫోన్లు తగిలించే చీలిక పిన్ను కూడా తెచ్చాడు. పరీక్ష చేసే మనిషి కూడా వినాలి కదా అన్నాడు.

మొదటి ట్రాకు. సూది లేచింది. గీతను కొంచెం కిందికి జరపమన్నాడు, ఇంకొంచెం, ఆగమన్నాడు. అంకె రాసుకున్నాడు. రెండు, మూడు, నాలుగు, ఐదు. ప్రతిసారీ సూది లేచి పడింది.

"ఇప్పుడు ఆరు వెయ్యి."

ఆమె వేసింది. రెండో హెడ్‌ఫోన్లు ఆమె చెవులకే ఉన్నాయి. లోపల ఖాళీ. కానీ సూది లేచింది. పడింది. లేచింది. పడింది. లేచింది.

"సార్, మీటర్ ఖరాబయిందేమో," అంది.

నాగభూషణం గుడ్డ విప్పి, హెడ్‌ఫోన్లు తన తలకు పెట్టుకున్నాడు. మళ్ళీ వెయ్యమని సైగ చేశాడు. ఆమె ఎంటర్ నొక్కి ఆయన మొహం చూసింది. సెకన్లు నడిచాయి. ఆయన కళ్ళు ఒకసారి కదిలాయి. మళ్ళీ ఒకసారి. మూడోసారి కదలకుండా వచ్చి ఆమె మీద ఆగాయి.

"వస్తోందా సార్?"

ఆయన ఏడో ట్రాకును తనే వేశాడు. విన్నాడు. తర్వాత ఆమెను గోడ వైపు తిరిగి కూర్చోమని, వినబడినప్పుడు వేలెత్తమని చెప్పాడు. వెనక నుంచి కీబోర్డు చప్పుడు కూడా ఆమెకు తెలియలేదు. ఐదుసార్లు మూడేసి కూతలకు వేలెత్తింది. తర్వాత చాలాసేపు గోడ మీది సున్నం పెచ్చులు చూస్తూ కూర్చుంది. ఎక్కడ ఆపాడో అడుగుదామని తిరిగి చూస్తే, ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"అయితే కార్డు మంచిగనే ఉన్నదా సార్?"

"బాగానే ఉందమ్మా."

"వైరు?"

"అదీ బాగానే ఉంది."

ఆమె ఇంకేం అడగాలో వెతుక్కుంది. మిగిలినవన్నీ ఈ వారం ఒక్కొక్కటిగా మార్చి చూసింది.

"మిల్లులో ఎప్పుడైనా చేశావా?" అన్నాడాయన మెల్లగా. అంత మెల్లగా అన్నందుకు తనకే తట్టి, మళ్ళీ కొంచెం పెంచి అడిగాడు.

"సాంచల కాడ బాబిన్లు చుట్టిన సార్. ఏడేండ్లు. కంప్యూటర్ నేర్సుకునేదాంక."

"ఏ వయసులో చేరావు?"

"పదకొండు ఉంటయేమో."

గోడ అవతల సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. నాగభూషణం ఆ గోడ వైపు చూశాడు. ఇక్కడికి వచ్చిన ప్రతి ఆదివారమూ దాని పక్కనే కూర్చుని ఆమెకు పాఠాలు చెప్పాడాయన.

"పోయింది తిరిగి రాదమ్మా. నీకు దాపరికం లేకుండా చెబుతున్నాను. ఇక మీద పోకుండా చూసుకోవచ్చు." మీటరును సంచిలో పెట్టాడు. "రేపు నాకు డ్యూటీ ఉంది, రాలేను. కార్డు పనికిరాదని నువ్వు హస్ముఖ్‌భాయికి చెప్పినా ఎవరూ అడగరు. నన్నడిగినా నేను కాదనను. నీ ఉద్యోగం నీది. నేను పక్కన నిలబడి నీతులు చెప్పే హక్కు నాకు లేదు."

ఊర్మిళ సీడీ బయటికి తీసి, డబ్బాలో పెట్టి, మిషన్ను పద్ధతి ప్రకారం ఆపింది. తెర నల్లబడేదాకా చూసి స్విచ్చి తీసింది.

ఇంటికి వెళ్తూ ఉధ్నా మూడు రోడ్ల దగ్గర ఆగిపోయింది. అవతలి వైపు గొడుగు కింద ట్రాఫిక్ పోలీసు. అతని నోట్లో ఈల ఉంది. బుగ్గలు ఉబ్బాయి. రిక్షాలు ఆగాయి. నడుస్తున్నవాళ్ళు తిరిగి చూశారు. ఇన్నేళ్ళూ అతను చెయ్యి చూపిస్తే ఆగుతున్నారనుకుంది. బుగ్గలు మళ్ళీ ఉబ్బాయి. ఆమె రోడ్డు దాటకుండా చాలాసేపు ఆ బుగ్గల వైపే చూస్తూ నిలబడింది. రొట్టెల బండి వాడు పక్కకు జరగమని ఎన్నిసార్లన్నాడో, చివరికి భుజం తట్టాడు.

ఆదివారం పొద్దున దవాఖాన వాకిలి నిండిపోయింది. హస్ముఖ్‌భాయి షామియానా వేయించి, చాయ్ కెటిల్ తిప్పించాడు. ఐదు కూతలేనని, ఏమీ భయం లేదని, వేలెత్తితే చాలని వరసలో ఉన్నవాళ్ళకు తిరిగి తిరిగి చెప్పాడు. మీనాబెన్ నూలు చీర కట్టుకున్న నడివయసు మనిషి. ఊర్మిళ పక్కన కూర్చుని కాగితాలు సర్దుకుంది.

మొదట వచ్చినవాళ్ళు ఊర్మిళకు ఎదురుగా కూర్చున్నారు. అందరూ ఐదింటికీ తప్పకుండా వేలెత్తారు. ముగ్గురు నలుగురు అయ్యాక ఆమెకు అర్థమైంది. వాళ్ళు చెవులతో వినడం లేదు. ఎంటర్ మీద పడే ఆమె వేలిని చూస్తున్నారు. ఒకాయన కూతకు ముందే ఎత్తి, నాలుక కరుచుకుని దించాడు. ఆమె లేచి, కుర్చీని గోడ వైపు తిప్పి పెట్టింది. వరసలో గుసగుస మొదలైంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు నాలుగు దగ్గర, కొందరు మూడు దగ్గర ఆగిపోయారు.

బిక్షపతి వచ్చి కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు ఒంటి చేత్తో పెట్టుకోలేకపోతే ఊర్మిళ సర్దింది. ఐదో ట్రాకులో మూడు కూతలకు ఒక్కసారి, అదీ అనుమానంగా, ఎడమచేతి వేలు లేచింది. ఆమె చేయి కీబోర్డు మీద ఆగింది.

"తర్వాతవి?" అంది మీనాబెన్ హిందీలో. ఇంతవరకూ ఐదింటితో వదిలేసినా, లేబరు ఆఫీసు తేల్చమన్నది ఇతని చెవులనే.

"చివరి రెండూ ఈ మిషన్లో పలకవు మేడమ్," అన్నాడు హస్ముఖ్‌భాయి వెనక నుంచి. "మా పిల్ల వారమంతా చూసింది. సీడీలోనో ఎందులోనో లోపం. ఐదింటి మీద రాసెయ్యండి."

మీనాబెన్ కలం ఎత్తి పట్టుకుని ఊర్మిళ వైపు తిరిగింది. "ఖరాబ్ హై?"

 గోడ వైపు తిరిగి ఉన్న బిక్షపతికి ఈ మాటలేవీ తెలియవు. కూత కోసం తల కొంచెం వంచి, ఊపిరి బిగబట్టి కూర్చుని ఉన్నాడు. లేని దాని కోసం అంత శ్రద్ధగా ఎదురుచూస్తున్న ఆ మెడను చూసి ఊర్మిళ నోరు తెరిచింది.

"మిషిన్ ఠీక్ హై మేడమ్. ముఝే నహీ సునాయీ దేతా." మిషను బాగానే ఉంది, వినబడనిది నాకే అని.

మీనాబెన్ ఒక క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత రెండో హెడ్‌ఫోన్లు తీసుకుని పెట్టుకుంది. ఊర్మిళ ఆరో ట్రాకు వేసింది. డాక్టరు తల ఊపింది. మళ్ళీ ఊపింది. మళ్ళీ. బిక్షపతి వేలు లేవలేదు. ఏడోదానికీ లేవలేదు. ఈల స్థాయిలో ఇతనికి వినికిడి లేదని మీనాబెన్ తన చేత్తో రాసి, సంతకం పెట్టి, ఆ కాగితాన్ని మిగిలినవాటితో కలపకుండా తన సంచిలో పెట్టుకుంది.

"అయిపాయెనా బిడ్డా? ఇంకేం రాలేదేంది?" అన్నాడు బిక్షపతి గట్టిగా.

"అయిపాయె చిన్నాయనా."

హస్ముఖ్‌భాయి ఆమె కుర్చీ మీదికి వంగాడు. గొంతు పెంచలేదు. "వారమంతా రావడం లేదన్నావు."

"నాకు రాలేదు సేఠ్. వేరేవాళ్ళకు వస్తుందని నిన్నటిదాంక నాకు తెల్వదు."

"వినబడని మనిషి వినికిడి పరీక్ష ఎలా చేస్తుంది? రేపు తాళాలు ఆఫీసులో ఇచ్చెయ్."

ఆమె తలూపింది. మీనాబెన్ వైపు తిరిగి, తనకు కూడా పరీక్ష చేసి రాయమని అడిగింది. ఆమె దవాఖాన మనిషి కదా, మిల్లు పనివాళ్ళ పేర్లలో లేదు కదా అంది డాక్టరు. ఏడేళ్ళు ఇక్కడే బాబిన్లు చుట్టానని, గోడ అవతలేనని చెప్పింది ఊర్మిళ. ఏ మీట నొక్కాలో డాక్టరుకు చూపించి, వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఐదింటి దాకా ఆమె వేలు లేచింది. తర్వాత చేయి ఒళ్ళోనే ఉండిపోయింది. తలుపు దగ్గర వరస మొత్తం చూస్తోంది. అయిపోయిందనుకుని ఎవరో దగ్గారు. డాక్టరు కళ్ళు ఇంకా తెర మీది సెకన్ల మీదే ఉన్నాయి.

ఆమె లేచి తన కుర్చీలోకి వచ్చేసరికి వరస పలచబడింది. మార్కండేయ అనే కుర్రవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, చీటీని జేబులో కుక్కుకుని ఆమె కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. అతని వెనక ఇంకొందరు. పరీక్షలో చెవుడని తేలినవాళ్ళను పనిలోంచి తియ్యరు కదా అని వెంకటయ్య అనే పెద్దాయన డాక్టరును అడిగాడు. తను రాయడం వరకే చెయ్యగలనని, మాట ఇవ్వలేనని ఆమె చెప్పింది. అబద్ధం చెప్పనందుకు ఆయన నమస్కారం పెట్టి, ఆయనా వెళ్ళిపోయాడు.

నర్సింగం మిగిలాడు. వెంకటయ్య షామియానా కింద నుంచి పిలిచాడు. "నర్సింగం, పోదాం పా. ఎందుకొచ్చిన లొల్లి."

నర్సింగం వినలేదో, విని ఊరుకున్నాడో తెలియదు. కూతురి వైపు చూశాడు. పొద్దున ఇంటి దగ్గర కూడా, అన్నీ ఇనవడుతున్నయని రాయి అనే అన్నాడు. ఇప్పుడు చెప్పులు గడప బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చి, కుర్చీలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు తనే పెట్టుకున్నాడు. గోడ మీద కిటికీ నీడ పడుతోంది, అందులో వెనక కదలికలు కనబడతాయి. అతను ఆ నీడను ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు.

ఊర్మిళ మొదటి ట్రాకు వేసింది. తండ్రి వేలు లేచింది. రెండోదానికీ లేచింది. మూడోదానికి ఆలస్యంగా, నాలుగోదానికి ఒక్కసారి. ఐదోదానికి లేవలేదు.

ఆరో ట్రాకు మొదలైంది. మీనాబెన్ హెడ్‌ఫోను మీద చేయి అదిమిపట్టి వింటోంది. తండ్రి చెయ్యి మోకాలి మీద బోర్లించి ఉంది, కూతురి చెయ్యి కీబోర్డు పక్కన. ఇద్దరూ కదలకుండా ఎదురుచూశారు. మూడు కూతలు వచ్చి పోయాయి. ఆ గదిలో వాటిని విన్నది డాక్టరమ్మ ఒక్కతే.